మొక్కల స్కాలర్‌షిప్‌కి ఏం రాయాలి? మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. విశాఖలో స్థానిక మొక్కల కోసం పనిచేసే ఒక సంఘం, డిగ్రీ, పీజీ విద్యార్థులకు చిన్న స్కాలర్‌షిప్‌లు ఇస్తామని కాలేజీలకు నోటీసు పంపింది. మన చుట్టుపక్కల తమంతట తాము పెరిగే మొక్కల మీద ఏదైనా ఒక అధ్యయనం చేస్తామని చెప్పాలి, ఒక వ్యాసం రాసి దరఖాస్తు పెట్టాలి, ఎంపికైతే పదిహేను వేలు ఇస్తారు. బోటనీ చెప్పినదాన్ని కాబట్టి ఈ ఉత్తరాలు చూస్తే నాకు నిజంగా సంతోషం వేసింది. ఒకే మాట అడిగినవాళ్ళని కలిపేసి, కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ బోటనీ రెండో సంవత్సరం. మార్కులు 62 శాతం. నాన్న ఆటో నడుపుతారు, నేను ఆదివారాలు ట్యూషన్లు చెబుతాను. నోటీసులో కటాఫ్ ఏమీ రాయలేదు కానీ మా సీనియర్ మాత్రం "టాపర్లకే ఇస్తారు, టైమ్ వేస్ట్" అంటున్నాడు. స్థానిక మొక్కలంటే ఎందుకు ఇష్టమో 500 పదాల్లో రాయాలట. రాస్తున్నా, చింపేస్తున్నా, చాలా టెన్షన్‌గా ఉంది. నా డ్రాఫ్ట్ కూడా పంపుతున్నాను, చూసి చెప్పండి.
– ఒక విద్యార్థిని, సాగర్ నగర్

జవాబు: ముందు ఆ 62 సంగతి పక్కన పెట్టమ్మా. నోటీసులో లేని కటాఫ్‌ని సీనియర్ మాట పట్టుకుని నీకు నువ్వే ఎందుకు పెట్టుకుంటావు? కేంద్ర ప్రభుత్వం ఇన్‌స్పైర్ కింద ఇచ్చే స్కాలర్‌షిప్ వేరు, అది ఇంటర్ బోర్డు పరీక్షల్లో పైన నిలిచిన ఒక్క శాతం మందికి, సైన్స్ డిగ్రీలో చేరితే ఏడాదికి 80 వేల రూపాయలు, అక్కడ మార్కులు చూస్తారు, చూడాలి కూడా. ఊళ్ళో సభ్యులు తలా కొంత వేసుకుని ఇచ్చే పదిహేను వేలకి లెక్క వేరేగా ఉంటుంది. తమకి తీరిక లేక చూడలేకపోతున్న ఒక చోటుని ఎవరైనా ఓపిగ్గా, కొన్ని నెలల పాటు చూసి వచ్చి ఏముందో చెబితే వాళ్ళకి అదే కావాలి.

ఇక నీ డ్రాఫ్ట్. "చెట్లు మనకు ప్రాణవాయువునిస్తాయి, ప్రకృతిని కాపాడుకోవడం మనందరి బాధ్యత" అని మొదలుపెట్టావు. తప్పేమీ లేదు, కానీ ఈ మాటలు ఎవరు ఎక్కడ కూర్చుని రాసినా ఇలాగే ఉంటాయి. చదివేవాళ్ళు రిటైరైన బోటనీ మాస్టార్లు, పక్షుల్ని చూడ్డానికి తెల్లారకముందే లేచేవాళ్ళు, మేడ మీద నర్సరీ పెంచేవాళ్ళు అయివుంటారు, చెట్లు మంచివని వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే నీ ఆఖరి పేరాలో ఒక వాక్యం ఉంది: "మా ఇంటి దగ్గర బీచ్‌లో ఊదారంగు పూల తీగ వినాయక నిమజ్జనం తర్వాత కనిపించకుండా పోతుంది, మళ్ళీ కొన్నాళ్ళకి వస్తుంది." అదీ నీ వ్యాసం. అక్కడ మొదలుపెట్టు, ముందున్నదంతా కొట్టెయ్యి.

నువ్వు చూసినది బాలబంది తీగ, ఐపోమియా పెస్‌కాప్రే. ఆకు చివర లోపలికి చీలి రెండు తమ్మెలుగా ఉంటుంది, తీగ కణుపు కణుపు దగ్గరా వేరు దించుకుంటూ ఇసుక మీద మీటర్ల కొద్దీ పాకుతుంది. దాని పక్కనే ముళ్ళలాంటి ఆకులతో కాలికి గుచ్చుకునే గడ్డి చూసే ఉంటావు, రావణాసురుడి మీసాలంటారు, స్పైనిఫెక్స్. దాంట్లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఆడ మొక్క మీద పండిన గుండ్రటి తల విరిగి గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోయి గింజలు రాలుస్తుంది, పిల్లలు దాని వెంట పరిగెత్తుతుంటారు. అలలు వచ్చి ఆగే గీతకి పైన, చాలా మొక్కలు బతకని ఒట్టి ఇసుకలో ముందుగా కాళ్ళు మోపేవాటిలో ఇవి రెండూ ఉంటాయి. ఆర్కే బీచ్ దగ్గర ఇసుక కోసుకుపోవడం, పోర్టు డ్రెడ్జర్ తవ్విన ఇసుకని తెచ్చి అక్కడ పోయడం ఊళ్ళో అందరికీ తెలుసు. అలాంటి ఊళ్ళో ఇసుకని పట్టి ఉంచే మొక్క ఎక్కడ ఎంత మిగిలిందో ఎవరైనా కొలిచి రాస్తే అది పనికొచ్చే లెక్క అవుతుంది.

ఎలా కొలుస్తావో కూడా వ్యాసంలోనే చెప్పు. నాలుగు పీవీసీ పైపు ముక్కలు కలిపితే మీటరు పొడుగు, మీటరు వెడల్పు చట్రం తయారవుతుంది, ల్యాబ్‌లో క్వాడ్రాట్ అని చెప్పే ఉంటారు. అల ఆగిన గీత నుంచి ఊరి వైపు ఐదేసి మీటర్లకి ఒకసారి దాన్ని ఇసుక మీద పెట్టి, లోపల తీగ కప్పింది ఎంత, గడ్డి ఎంత, ఒట్టి ఇసుక ఎంత, చెత్త ఎంత అని రాసుకోవాలి, ఛాతీ ఎత్తు నుంచి ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోవాలి. జనం ఎక్కువగా తిరిగే చోట ఒక వరస, ఎవరూ రాని చోట ఒక వరస. నెలకోసారి, నిమజ్జనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. ఇంతే. ఈ పేరా చదివితే చాలు, నువ్వు ఇసుక మీద వంగి లెక్కపెడుతూ కమిటీ వాళ్ళ కళ్ళకి కనిపిస్తావు. "ఎందుకు ఇష్టం" అన్నదానికి విడిగా జవాబు రాయక్కర్లేదు, ఇన్ని నెలలు ఒక తీగని కొలుస్తానన్న పిల్లకి అదంటే ఇష్టమని వేరే చెప్పాలా?

డబ్బు ఎలా ఖర్చు పెడతావో సగం పేజీ రాయి. పైపు, తాడు, టేపు, నోట్‌బుక్కులు, ప్రింట్లు. ఒక్కదానివే వెళ్ళొద్దు, పొద్దున్నే ఒక స్నేహితురాల్ని వెంట తీసుకుని వెళ్ళు, ఇంట్లో చెప్పి వెళ్ళు, ఆ అమ్మాయి బస్సు ఛార్జీ, టిఫిన్ కూడా బడ్జెట్‌లో చూపించు. ఆదివారం ట్యూషన్ మానుకుంటే పోయే డబ్బు కూడా ఖర్చే, దాన్నీ రాయి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆ రోజుల్లో అటవీ శాఖ కంచె కట్టిన చోట్లకి దూరంగా ఉండు, రాత్రిళ్ళు అసలు వెళ్ళకు. సిఫార్సు లెటరు కోసం మీ మేడమ్‌ని ఆఖరి రోజున అడగొద్దు, వారం ముందే నీ వ్యాసం కాపీ చేతికిచ్చి అడుగు, అప్పుడే ఆవిడ నీ పని గురించి రాయగలుగుతారు, లేకపోతే "క్రమశిక్షణ గల విద్యార్థిని" అని రాసి సంతకం పెడతారు.

ప్రశ్న: నమస్కారమండి. మా వాడు బైపీసీ చదివాడు, ఈఏపీసెట్‌లో బీఫార్మసీ సీటు వచ్చే ర్యాంకు ఉంది. వద్దంటాడు, బోటనీ చదువుతాడట. డిగ్రీలో చేరితే ఇలాంటి స్కాలర్‌షిప్‌లు వస్తాయని పేపరు తెచ్చి చూపిస్తున్నాడు. పదిహేను వేలతో జీవితం గడుస్తుందా? మీరైనా చెప్పండి.
– ఒక తండ్రి, పెందుర్తి

జవాబు: నమస్కారమండి. గడవదు. ఇది జీవనోపాధికి ఇచ్చే డబ్బు కాదు, అలా చూస్తే మీ కోపం న్యాయమే. బోటనీలో డిగ్రీ ఒక్కటే చేతిలో ఉంటే ఉద్యోగాలు తక్కువ, పీజీ దాకా వెళ్ళాలి, ఆ ఐదారేళ్ళు ఇంట్లో మీరు మోయగలరా లేదా అన్నది మీరూ మీ అబ్బాయీ కూర్చుని మాట్లాడుకోవాల్సిన మాట. దాన్ని దాటవేసి నేను "అబ్బాయి ఇష్టప్రకారం వదిలేయండి" అనలేను.

ముందున్న దారులు మాత్రం చెబుతాను. యూపీఎస్సీ నడిపే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకి కూర్చోవడానికి సరిపోయే డిగ్రీ సబ్జెక్టుల్లో బోటనీ ఒకటి. రాష్ట్రంలో ఏపీపీఎస్సీ ద్వారా ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పోస్టులు పడతాయి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకి 37 వేలు ఫెలోషిప్, పైగా ఇంటి అద్దె భత్యం, అది 2023 నుంచి ఉన్న రేటు. ఫ్యాక్టరీలు, రోడ్లు, పోర్టులు కట్టేముందు పర్యావరణ ప్రభావ నివేదిక తయారుచెయ్యాలి, ఆ నివేదిక రాసే సంస్థలకి మొక్కల్ని చూసి గుర్తుపట్టగలిగే మనుషులు కావాలి, మన విశాఖ చుట్టూ ఇలాంటి పని ఎంత ఉంటుందో మీకు తెలియంది కాదు. మొక్కని చూడగానే గుర్తుపట్టేవాళ్ళు ఇప్పుడు బోటనీ పీజీల్లో కూడా తక్కువైపోయారు, అది నాకు చాలా బాధ కలిగించే విషయం, కానీ మీ అబ్బాయికి అదే అవకాశం.

ఆ పదిహేను వేల స్కాలర్‌షిప్ ఇక్కడ ఉపయోగపడుతుంది. ఇంటర్వ్యూలో "ఏం చేశావు" అన్నప్పుడు, ఒక పని తనంతట తాను మొదలుపెట్టి ముగించానని కాగితం చూపించి చెప్పగలడు. డిగ్రీలో చేరాక మొదటి ఏడాదే ప్రయత్నించమనండి, అంతవరకు వాడి ఇష్టం నిలుస్తుందో లేదో మీకూ తెలుస్తుంది.

ప్రశ్న: మాది పాడేరు దగ్గర చిన్న ఊరు, విశాఖలో హాస్టల్లో ఉండి చదువుతున్నాను. మా అవ్వకి అడవిలో ప్రతి మొక్కా తెలుసు, ఏ జబ్బుకి ఏ వేరు వాడాలో చెబుతుంది. పేర్లు మా భాషలో చెబుతుంది. నాకు శాస్త్రీయ నామాలు రావు, ఇంగ్లీషు కూడా అంతంతమాత్రం. అవ్వ చెప్పే మందుల మీద రాస్తే స్కాలర్‌షిప్ ఇస్తారా?
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: నీ ఉత్తరం నాకు చాలా నచ్చిందమ్మా, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను.

పేర్లు రావని భయపడకు. 1780ల్లో సామర్లకోటలో ఉండి మన తీరం మొక్కల్ని సేకరించిన విలియం రాక్స్‌బర్గ్‌కి కూడా ఇక్కడి పేర్లు ఇక్కడి మనుషులు చెప్పినవే. 1795లో అచ్చు కావడం మొదలైన అతని కోరమాండల్ తీరపు మొక్కల సంపుటాల్లో లాటిన్ పేరు పక్కన తెలుగు పేరు కనిపిస్తుంది. అవ్వ ఎలా పలుకుతుందో అలాగే తెలుగు అక్షరాల్లో రాసుకో, ఫోన్‌లో ఆమె గొంతు రికార్డు చేసుకో, పువ్వు, కాయ, ఆకు అడుగుభాగం, బెరడు విడివిడిగా ఫొటోలు తియ్యి. శాస్త్రీయ నామం తర్వాత చూసుకోవచ్చు, మీ కాలేజీ లెక్చరర్లు ఉన్నారు, ఆంధ్రా యూనివర్సిటీలో బోటనీ విభాగం ఉంది, హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం ఉంది. లాటిన్ పేరు అక్కడివాళ్ళు చెప్పగలరు, అవ్వ చెప్పే పేరు మాత్రం అవ్వ దగ్గరే దొరుకుతుంది. దరఖాస్తు తెలుగులో రాయొచ్చా అని సంఘానికి ఒక ముక్క రాసి అడుగు. ఒప్పుకోరని ముందే అనుకోవద్దు.

మందుల విషయం మాత్రం జాగ్రత్త. అవ్వకి తెలిసింది అవ్వది, మీ ఊరిది. నువ్వు స్కాలర్‌షిప్ రిపోర్టులో "ఈ వేరు ఇంత తీసుకుని ఇలా నూరి ఇలా ఇస్తారు" అని రాస్తే అది ఎవరి చేతికైనా వెళ్ళొచ్చు. కేరళలో కాణి గిరిజనుల సంగతి తెలుసుకో. 1987లో అడవికి వెళ్ళిన శాస్త్రవేత్తలకి ఆరోగ్యపచ్చ అనే మొక్క గురించి వాళ్ళే చెప్పారు, దాన్నుంచి జీవని అనే మందు తయారైంది, ఆ తర్వాత లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణి వాళ్ళకి ఇవ్వాలని ఒప్పందం జరిగింది. అది మన దేశంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ, అలా జరిగినవి తక్కువ. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చాక పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు అని పెట్టారు, మీ ఊళ్ళో ఆ రిజిస్టరు ఎవరి దగ్గర ఉందో పంచాయతీలో అడిగి చూడు, మీ ఊరి తెలివి మొదట అందులో ఎక్కాలి. రిపోర్టులో మొక్క పేరు, ఎక్కడ పెరుగుతుంది, ఎప్పుడు పూస్తుంది, తగ్గుతోందా పెరుగుతోందా అన్నంతవరకు రాయి, మందు తయారీ రాయకు. అవ్వ ఇష్టపడితే ఆమె పేరు పెట్టి, ఆమె చెప్పిందని రాయి. ముందు ఆమెని అడుగు, ఊరి పెద్దల్ని కూడా అడుగు.

మందుల్లేకుండా రాయడానికి మీ దగ్గర ఏం తక్కువ? అడ్డాకు తీగ ఉంది. విస్తళ్ళు కుట్టడానికి ఎక్కడిదాకా వెళ్ళి ఆకు కోస్తున్నారు, అవ్వ చిన్నప్పుడు ఎక్కడ దొరికేది, ఇప్పుడు ఎంత దూరం నడవాలి? ఒక్క ఈ ప్రశ్న చాలు ఒక ఏడాదికి. నరమామిడి ఉంది, అగరబత్తీల కోసం చెక్క ఒలిచి ఒలిచి చెట్లు ఎండిపోయాయి, మీ కొండ మీద బెరడు ఒలిచిన చెట్లెన్ని, ఒలవనివెన్ని, కొత్త మొలకలు ఉన్నాయా అని లెక్కపెట్టు. మీకు కాఫీ తోట ఉంటే ఇంకా సులువు. కాఫీకి నీడ కోసం ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్ వేశారు కదా, మీ ఎకరంలో అది ఎన్ని, అంతకుముందు నుంచీ ఉన్న అడవి చెట్లు ఎన్ని, ఏవేవి, ఏ చెట్టు మీద ఏ పక్షి వాలుతోంది. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు చేసుకోవచ్చు, బస్సు ఖర్చు స్కాలర్‌షిప్‌లో పెట్టుకోవచ్చు. నువ్వు దరఖాస్తు పెడితే, నగరంలో పెరిగిన పిల్లలు నీకు పోటీ అవుతారని నేననుకోను.

ప్రశ్న: కంబాలకొండలో మొక్కల మీద చేద్దామనుకుంటున్నాం, నలుగురం స్నేహితులం. మొక్కలు కోసి, నొక్కి ఎండబెట్టి, షీట్లకి అతికించి హెర్బేరియం చేయాలా, ఫొటోలు సరిపోతాయా?
– పీజీ విద్యార్థులు, మద్దిలపాలెం

జవాబు: కంబాలకొండ అభయారణ్యం, సుమారు 70 చదరపు కిలోమీటర్లు. టికెట్ కొని నడిచే దారిలో నడవడం వేరు, అధ్యయనం చెయ్యడం వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో పరిశోధనకి అనుమతి తీసుకోవాలి, కొమ్మ విరవడానికి కూడా అనుమతి కావాలి. మీ హెచ్‌ఓడీ సంతకంతో అటవీ శాఖ డివిజనల్ ఆఫీసుకి లెటరు పెట్టండి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దాకా వెళ్ళి రావాలి, టైమ్ పడుతుంది. స్కాలర్‌షిప్ గడువు లోపల రాకపోతే మీ ప్లాన్ మొత్తం ఆగిపోతుంది, అందుకే దరఖాస్తులో రెండో చోటు కూడా రాసుకోండి. సింహాచలం వైపు కొండ దిగువన బీడు భూములున్నాయి, ఎర్రమట్టి దిబ్బల చుట్టుపక్కల గ్రామాలున్నాయి (దిబ్బలు జాతీయ భూవారసత్వ ప్రదేశం, అక్కడ మట్టి తవ్వకండి, దిబ్బలెక్కి తొక్కకండి), మీ క్యాంపస్‌లోనే రాళ్ళ మధ్య బలుసు, కలే, ఊడుగ లాంటివి మిగిలి ఉండొచ్చు. చిన్న చోటు ఎంచుకుని పూర్తిగా చూడటమే మేలు.

ఫొటో బతికున్న రంగు చూపిస్తుంది, హెర్బేరియం షీటు ఎన్నేళ్ళ తర్వాత అయినా ఇంకొకరు మళ్ళీ చూసి సరిచెయ్యడానికి పనికొస్తుంది. బయటి భూముల్లో, యజమాని ఒప్పుకుంటే, బాగా ఎక్కువగా ఉన్న జాతి నుంచి మాత్రమే ఒక కొమ్మ, పువ్వుతో, వీలైతే కాయతో తీసుకోండి. మొత్తం నాలుగైదు మొక్కలే ఉంటే ముట్టుకోకండి, ఫొటోతో ఆపేయండి. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ, నొక్కిపెట్టిన న్యూస్ పేపర్లు రోజూ మార్చకపోతే ఆకు మీద బూజు పట్టి నల్లబడుతుంది, వానాకాలంలో మొదటి మూడు రోజులు రెండు పూటలా మార్చండి. ఎండితే పువ్వు రంగూ వాసనా పోతాయి కాబట్టి కోసినప్పుడే రాసుకోవాలి. షీటు సుమారు 42 సెంటీమీటర్ల పొడుగు, 28 వెడల్పు, కింద కుడి మూలన లేబుల్: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీసుకున్నారు, చుట్టూ ఏమున్నాయి, ఊళ్ళో ఏమంటారు. లేబుల్ లేని షీటు చెత్తబుట్టకే.

ప్రశ్న: మేం ఎంవీపీ కాలనీలో ఉదయం నడిచే బృందం, ఎక్కువమంది రిటైరైనవాళ్ళం. ఈ సంఘం చేస్తున్నది చూసి మేమూ చందాలు వేసుకుని రెండు లక్షలు పోగుచేశాం. ఏటా ఒక విద్యార్థికి ఇద్దామని. ఎలా మొదలుపెట్టాలి? ఏ విషయాల మీద అధ్యయనం చెయ్యమనాలి?
– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

జవాబు: చాలా మంచి పని తలపెట్టారు సార్, మీ బృందానికి నమస్కారం. బ్యాంకులో పనిచేశారు కాబట్టి లెక్క మీకే బాగా తెలుసు, ఏడు శాతం వడ్డీ వస్తుందనుకుంటే అసలు కదపకుండా ఏటా పద్నాలుగు వేలు. ఒక విద్యార్థికి సరిపోతుంది. ఎక్కువ కాలం నడపాలనుకుంటే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకుని, సంఘం పేరు మీద ఖాతా తెరవండి.

అమెరికాలో కాలిఫోర్నియా నేటివ్ ప్లాంట్ సొసైటీ 1965లో మొదలైంది, దాని శాఖలు తమ దగ్గరి కాలేజీ పిల్లలకి ఇలాంటి చిన్న స్కాలర్‌షిప్‌లు ఇస్తుంటాయి, స్థానిక మొక్కలు పెంచి అమ్మి నిధులు పోగుచేస్తాయి. మీరూ కార్తీకంలో వనభోజనాల రోజుల్లో ఉసిరి, నేరేడు, పొగడ, రేల మొక్కలు అమ్మొచ్చు, కొనేవాళ్ళుంటారు.

నా దగ్గర మీకు చెప్పాల్సిన మాట ముఖ్యంగా ఒకటుంది. డబ్బు ముందు ఇవ్వండి. పని పూర్తయ్యాక, రిపోర్టు ఇచ్చాక, సభ పెట్టి శాలువా కప్పి చెక్కు ఇవ్వడం మనకి అలవాటు. ఆ పద్ధతిలో చేతిలో డబ్బున్న పిల్లలే పని పూర్తిచెయ్యగలరు. బస్సుకి, టేపుకి, ప్రింటుకి జేబులో లేని పిల్ల దరఖాస్తే పెట్టదు, మీకు ఆ పిల్ల ఉందని కూడా తెలియదు. నాలుగింట మూడు వంతులు ఎంపికైన వారంలోనే ఖాతాలో వెయ్యండి, మిగిలింది రిపోర్టు వచ్చాక. దరఖాస్తు తెలుగులో ఉండొచ్చని నోటీసులో మొదటి వరసలో రాయండి. మార్కుల కటాఫ్ పెట్టకండి. మీలో ఒకరు నెలకోసారి ఆ విద్యార్థితో ఒక ఉదయం నడవండి, డబ్బు కన్నా అది ఎక్కువ గుర్తుంటుంది వాళ్ళకి.

విషయాలు అడిగారు. మీ కాలనీ నుంచే మొదలుపెట్టొచ్చు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మీ వీధుల్లో ఏ చెట్లు పడ్డాయో, ఏవి నిలిచాయో మీకు గుర్తుంటుంది, ఇంటింటికీ వెళ్ళి ఆ జ్ఞాపకాలు సేకరించి ఇప్పుడున్న చెట్లతో పోల్చే పని ఒక విద్యార్థికి ఇవ్వండి. తర్వాత విరివిగా నాటిన ఏడాకుల పాల మీద ఊళ్ళో ఎంత గొడవో మీకు తెలుసు, చలికాలం ముందు పూసినప్పుడు ఆ ఘాటు వాసనకి తలనొప్పి అని కొందరు, అలర్జీ అని కొందరు. అది మన దేశపు చెట్టే, అడవిలో దాని చోటు దానికుంది, ఇరుకు వీధిలో ఇంటి కిటికీ పక్కన వరసగా వందలు నాటడం వేరే విషయం. ఏ స్థానిక చెట్టు ఏ వీధికి తగుతుందో చెప్పే అధ్యయనం ఒక్కటి వచ్చినా, అది మొక్కలు నాటేవాళ్ళందరి చేతిలో పెట్టొచ్చు.

చిన్న ప్రశ్నలు కొన్ని. ఏఐతో వ్యాసం రాయించొచ్చా అని ముగ్గురు అడిగారు: అక్షరదోషాలు సరిచూసుకోండి, అంతవరకే, మీ ఇంటి వెనక గెడ్డ పక్కన ఏం మొలిచిందో దానికి తెలియదు. ప్రాసెసింగ్ ఫీజు 500 కట్టమని మెసేజ్ వచ్చిందట ఒకరికి: కట్టకండి, స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ళు డబ్బు అడగరు, కాలేజీలో నోటీసు చూసి అందులో ఉన్న నంబరుకే ఫోన్ చెయ్యండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంటే ఇది తీసుకోవచ్చా: కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లోనూ, సంఘంలోనూ అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బ్యాంకు ఖాతాలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.

ప్రశ్న: పోయిన ఏడాది నాకు స్కాలర్‌షిప్ వచ్చింది. రేల గింజలు మొలకెత్తించి కాలేజీలో నాటుతానని రాశాను. నూరు గింజలు వేస్తే తొమ్మిదే మొలిచాయి. ఈ నెలాఖరుకి రిపోర్టు ఇవ్వాలి. డబ్బు వెనక్కి అడుగుతారని భయంగా ఉంది. "అరవై మొలిచాయని రాసెయ్, ఎవరు చూస్తారు" అంటున్నాడు ఫ్రెండ్.
– బీఎస్సీ మూడో సంవత్సరం, గాజువాక

జవాబు: తొమ్మిది అని రాయి బాబూ. అరవై అని రాస్తే నీ రిపోర్టు చూసి వచ్చే ఏడాది ఇంకొకరు నూరు గింజలు వేసి, అరవై మొక్కలొస్తాయని కుండీలు కొనుక్కుని కూర్చుంటారు. డబ్బు నువ్వు పని చేసినందుకు ఇచ్చారు, గింజలు మాట వినలేదని ఎవరూ వెనక్కి అడగరు.

రేల గింజ పెంకు చాలా గట్టిది, నీళ్ళు లోపలికి పోవు, అందుకే మొలవవు. అడవిలో నక్కలు, ఎలుగుబంట్లు, కోతులు ఆ కాయల గుజ్జు తిని గింజల్ని దూరంగా వదులుతాయి. నీకు ఇంకా కొన్ని రోజులున్నాయి కాబట్టి ఒక పని చెయ్యి. రేల కాయలోంచి కొత్త గింజలు నలభై తీసి, ముందు సన్నటి కన్నం ఉన్నవాటిని తీసెయ్యి, వాటి లోపల పురుగు తినేసి ఉంటుంది, అలాంటివి ఎన్నో రాసుకో, వాటి బదులు మంచివి తీసుకుని మళ్ళీ నలభై చెయ్యి. సగాన్ని గరుకు కాగితం మీద ఒక వైపు పెంకు తెల్లబడేదాకా రుద్ది, సగాన్ని అలాగే ఉంచి, రెండిటినీ విడివిడి గిన్నెల్లో రాత్రంతా నీళ్ళలో నానబెట్టు. పొద్దున చూస్తే రుద్దినవి ఉబ్బి ఉంటాయి, రుద్దనివి చాలావరకు రాయిలా అలాగే ఉంటాయి. రెండు గిన్నెల ఫొటో పక్కపక్కన పెట్టి, ఎన్ని ఉబ్బాయో లెక్క రాస్తే, తొమ్మిదే ఎందుకు మొలిచాయో చెప్పినట్టే. ఉబ్బినవాటిని మట్టిలో వెయ్యి.

పాత ట్రేలు పారబొయ్యకు. మొలవని తొంభై ఒకటిలో ఓ పదింటిని పైకి తీసి వేళ్ళతో నొక్కి చూడు, మెత్తగా నలిగితే కుళ్ళినట్టు, గట్టిగా ఉంటే లోపల ఇంకా బతికుండొచ్చు. ఎన్ని గట్టివి, ఎన్ని మెత్తవి అన్నది కూడా పట్టికలో వెయ్యి. గట్టివి ఎక్కువుంటే, రిపోర్టు గడువు తర్వాత కూడా ఆ ట్రేలు తడుపుతానని, మొలిచిన తేదీలు విడిగా పంపుతానని సంఘానికి ఒక వాక్యం రాసి జతచెయ్యి.